అక్షరం తప్పా, పొల్లు పడిందా? విశాఖ క్యాన్సర్ డాక్టర్లకు, పేథాలజిస్టులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో గర్భసంచి క్యాన్సర్‌కు ఆపరేషన్లు చేసే డాక్టర్లకు, ఆ ముక్కలు చూసి రిపోర్టులు రాసే పేథాలజిస్టులకు,

నమస్కారం.

నేను ఈ ఊళ్ళో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మీ చదువు నాకు లేదు. కానీ నిరుడు మా అమ్మ రిపోర్టులో ఉన్న ఒక్క వాక్యం మా ఇంట్లో ఏడు వారాలు ఎవరినీ నిద్రపోనివ్వలేదు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాకపోతే అది సగంలో ఆగిపోయింది. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

అమ్మకు 63 ఏళ్లు. ముట్లు ఆగిపోయి పదకొండేళ్లయింది. ఉగాది ముందు ఒకరోజు చీరకు మరక కనిపించిందట. ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు పాతబట్టలు మడిచి పెట్టుకుని తిరిగింది. పక్కింటావిడతో ఒక్కమాట అంటే, వేడి చేసుంటుంది, సబ్జా నీళ్లు తాగమంది. తాగింది. కొన్నాళ్లు ఆగింది, మళ్లీ వచ్చింది. ఒకసారి మా చెల్లి పూర్ణామార్కెట్‌కి వెళ్లి వస్తూ అమ్మ దగ్గర దిగింది. స్నానాల గదిలో ఆరేసిన బట్ట చూసి అడిగితే, "ఈ వయసులో ఇదేటమ్మా, నలుగురికీ చెప్పుకునే మాటేనా" అని అమ్మ ఏడ్చేసింది.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ ఉత్తరం చదివే ఆడవాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగుతాను. ముట్లు ఆగిపోయిన ఏడాది తరవాత ఎప్పుడు రక్తం కనిపించినా, ఒక్క చుక్కయినా, అది వేడీ కాదు, మళ్లీ నెలసరి రావడమూ కాదు. అలా రక్తం కనిపించిన వందమందిలో సుమారు తొమ్మిదిమందికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ బయటపడుతుంది. అంటే తొంభై మందికి పైగా ఆ భయం ఉండదు. అటువైపు నుంచి చూస్తే, ఈ క్యాన్సర్ వచ్చిన ముట్లాగినవాళ్లలో నూటికి తొంభైమందికి మొదట కనిపించేది ఈ రక్తమే. ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా పిలిచి చెప్పే క్యాన్సర్లు ఎక్కువ లేవు. మనం ఆ పిలుపును చీర కుచ్చిళ్లలో దాచుకుంటున్నాం. అమ్మ మూడు నెలలు దాచింది. నయమే, మూడేళ్లు దాచినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

స్కానింగ్‌లో పొర మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. నాలుగు లోపు ఉంటే అంత బెంగ ఉండదని అప్పుడే తెలిసింది. ముక్క తీసి పరీక్షకు పంపారు, క్యాన్సరని వచ్చింది, గర్భసంచి తీసేశారు. కణితి ఇంకా గర్భసంచి దాటలేదు, మొదటి దశ. ఆపరేషన్ చేసిన చేతులకు మేం రుణపడి ఉన్నాం. ఆ మాట మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

రెండు వారాల తరవాత పూర్తి రిపోర్టు వచ్చింది. అందులో చివరి పేరాలో ఇలా ఉంది: కణితిలో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే ప్రోటీన్లు కనిపించలేదు, లించ్ సిండ్రోమ్ ఉండే అవకాశముంది. అంతే. ఓపీలో మాకు దొరికిన రెండు నిమిషాల్లో అక్కడున్న డాక్టరు, ఇది వంశంలో వచ్చేదై ఉండొచ్చు, మీ చెల్లిని, తమ్ముణ్ని కూడా చూపించుకోమనండి అన్నారు. మరో పరీక్ష రాశారు, బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూడమని. పది రోజులకు మార్పు లేదని వచ్చింది. అది చూసి, అయితే లించ్ అనే అనుకోవాలి అన్నారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. నాకు వాళ్ల మీద కోపం లేదు. బహుశా ఆ రోజు ఆ డాక్టరుగారి ముందు నాలాంటివాళ్లు ఎనభైమంది ఉండి ఉంటారు.

ఆ మాట మా ఇంటికొచ్చాక ఏం చేసిందో మీకు చెప్పాలి. మీరు రిపోర్టు మీద సంతకం పెట్టి పంపాక ఆ కాగితం ఎక్కడెక్కడ తిరుగుతుందో మీరు చూడలేరు కదా.

మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. విజయనగరం వాళ్లతో మాటలు దాదాపు కుదిరాయి. మధ్యవర్తికి ఎవరు చెప్పారో తెలియదు, ఆ ఇంట్లో ఏదో జబ్బుందట అన్న మాట మాకంటే ముందే అవతలికి చేరిపోయింది. వాళ్లు కాదనలేదు. ఫోన్లు ఎత్తడం మానేశారు. అనకాపల్లిలో ఉన్న పిన్ని, అమ్మ సొంత చెల్లెలు, తన కూతురి పెళ్లి అయ్యేదాకా మమ్మల్ని ఇంటికి రావద్దని ఏడుస్తూ చెప్పింది. అమ్మ అయితే అన్నం దగ్గర కూర్చుని, నా ఒంట్లోది మీకు ఇచ్చేశానేమోనే, అని మా ముఖాల్లోకి చూసేది. క్యాన్సర్ అని చెప్పినప్పుడు అమ్మ ఇంత కుంగిపోలేదు. పిల్లలకు తనే అంటించానన్న ఆలోచనకు ఆ మనిషి సగమైపోయింది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది చెల్లి సంగతి. తనకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఒక నర్సింగ్ హోమ్‌లో రిపోర్టు చూపిస్తే, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి, అండాశయాలు కలిపి తీయించేసుకుంటే పీడా పోతుంది అన్నారు. రక్తపరీక్ష లేదు, ఇంకో మాట లేదు. తేదీ కూడా ఇచ్చేశారు. మన రాష్ట్రంలో ఇది ఎంత తేలికో మీకు నేను చెప్పక్కర్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి మూడు మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు తొమ్మిది. ఇలాంటి చోట "వంశంలో వచ్చేదై ఉండొచ్చు" అన్న మాట ఒక ఆడమనిషిని నేరుగా ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళుతుంది. 36 ఏళ్లకే అండాశయాలు పోతే ఎముకలకు, గుండెకు ఏమవుతుందో మీకు బాగా తెలుసు.

ఆపరేషన్‌కు నాలుగు రోజులుందనగా, మా స్కూల్లో చదివి ఇప్పుడు వేరే ఊళ్లో పేథాలజీలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి ఫోన్‌లో రిపోర్టు చదివించుకుంది. చదవగానే అడిగింది: "టీచర్, మిథైలేషన్ చూశారా?"

నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ రాత్రి గంటన్నర ఆ అమ్మాయి నాకు పాఠం చెప్పింది. నేను దాన్ని నా పద్ధతిలో, ఒత్తులూ గుణింతాలూ చెప్పేదానిగా అర్థం చేసుకున్నాను. తప్పుంటే దిద్దండి.

ఒంట్లో కణం రెండుగా చీలే ప్రతిసారీ డీఎన్‌ఏ మొత్తాన్ని మళ్లీ ఎత్తి రాస్తుంది. అంత రాతలో తప్పులు దొర్లుతాయి. వాటిని దిద్దడానికి కొన్ని ప్రోటీన్లు ఉన్నాయి. ముఖ్యమైనవి నాలుగు, జంటలుగా పనిచేస్తాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ఒక జంట. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఇంకో జంట. ఎంఎల్‌హెచ్1 లేకపోతే పీఎంఎస్2 నిలవలేదు, అదీ పోతుంది. అందుకే అమ్మ రిపోర్టులో రెండూ లేవని వచ్చింది. దిద్దేవాళ్లు లేని పుస్తకంలో అచ్చుతప్పులు పేజీ పేజీకీ పెరిగినట్టు, ఆ కణాల్లో తప్పులు పేరుకుని క్యాన్సర్ అవుతుంది.

ఇక్కడిదాకా రిపోర్టు చెప్పింది. చెప్పనిది ఏమిటంటే, ఎంఎల్‌హెచ్1 మూగబోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆ జన్యువులోనే అక్షరం తప్పు ఉండటం. ఆ తప్పు పుట్టుకతో వస్తే ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. అదే లించ్ సిండ్రోమ్, పేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ లాంటివి వంశంలో వచ్చేలా చేసే లోపం. రెండోది మిథైలేషన్. ఇందులో ఒక్క అక్షరం కూడా మారదు. 'క' అని రాసి దానిమీద పొల్లు పెడితే ఏమవుతుంది? కింద అక్షరం అదే, కాని దాని అచ్చు పోతుంది, ఒంటరిగా పలకదు. డీఎన్‌ఏ మీద కూడా అలాంటి పొల్లు ఒకటుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు, అంతే. మిథైల్ అంటారు. అది డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో సి అనే దాని మీద, పక్కన జి ఉన్నచోట, అతుక్కుంటుంది. జన్యువు మొదట్లో ప్రమోటర్ అనే భాగంలో ఇలాంటి సి, జి జంటలు గుంపుగా ఉంటాయి. మామూలుగా అక్కడ పొల్లులు ఉండవు. ఆ గుంపు మీద వరసగా పొల్లులు పడితే కణం ఆ జన్యువును చదవడం మానేస్తుంది. పాఠం పుస్తకంలోనే ఉంటుంది, చదివేవాళ్లుండరు.

ఈ పొల్లు అమ్మ గర్భసంచి పొరలో, కొన్ని కణాల్లో, ఎప్పుడో పెద్ద వయసులో పడింది. మేం పుట్టిన అండాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందువి. అమ్మ దగ్గరున్న పుస్తకంలో ఒక పేజీలో సిరా పడితే మాకెప్పుడో ఇచ్చేసిన ప్రతుల్లో మరక ఎలా వస్తుంది?

గర్భసంచి పొర క్యాన్సర్లలో నూటికి 25 నుంచి 30 వాటిలో ఈ దిద్దే ప్రోటీన్లు ఉండవు. కాని లించ్ ఉన్నవాళ్లు నూటికి సుమారు ముగ్గురే. మిగతావాటిలో అత్యధికం ఎంఎల్‌హెచ్1 మీద పడిన పొల్లే. 63 ఏళ్ల మనిషికి, ఇంట్లో ఇంకెవరికీ పేగు క్యాన్సర్ లేని మనిషికి, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోయాయంటే ముందు అనుమానించాల్సింది మిథైలేషన్‌నే. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1990లు ముగిసేలోపే గర్భసంచి పొర కణితుల్లో దీన్ని చూపించారు. పొర మందమయ్యే హైపర్‌ప్లేసియా దశలోనే, అంటే క్యాన్సర్ పూర్తిగా రాకముందే, కొందరిలో ఈ పొల్లు పడి ఉండటాన్ని కూడా చూశారు.

ఇక బీఆర్‌ఏఎఫ్ సంగతి. దీని గురించి ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే మా ఇంట్లో అసలు గాయం చేసింది ఇదే. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎంఎల్‌హెచ్1 మీద మిథైలేషన్ ఉన్నప్పుడు బీఆర్‌ఏఎఫ్ జన్యువులో ఒక మార్పు కూడా తరచుగా ఉంటుంది. అందుకని అక్కడ ఆ మార్పు కనిపిస్తే, ఇది వంశంలోది కాదు అని దాదాపు చెప్పేయవచ్చు. చవకైన పరీక్ష, పేగు విషయంలో మంచి పరీక్ష. కాని గర్భసంచి పొర క్యాన్సర్‌లో ఆ మార్పు రావడమే చాలా అరుదు, మిథైలేషన్ ఉన్నా సరే. అంటే అమ్మకు బీఆర్‌ఏఎఫ్ రాకపోవడానికి ఏ అర్థమూ లేదు. పేగుకు కొలిచే కొలబద్దతో గర్భసంచిని కొలిచారు. కొలిచి, "రాలేదు కాబట్టి లించ్" అన్నారు. డాక్టర్లూ, దయచేసి మీ దగ్గర ఈ అలవాటుంటే ఈ రోజే మానండి. ఆ పరీక్షకు పెట్టే డబ్బు మిథైలేషన్‌కు పెట్టించండి.

మేం పెట్టాం. అమ్మ కణితి ముక్క మైనం బ్లాక్‌లో ల్యాబులోనే ఉంది. అడిగితే ఇచ్చారు. అలా అడిగి తీసుకోవచ్చని కూడా మాకు ముందు తెలియదు. దాన్ని వేరే ఊరు పంపాం. అందులోంచి డీఎన్‌ఏ తీసి బైసల్ఫైట్ అనే రసాయనంతో కలుపుతారట. పొల్లు లేని సి అక్షరాలు మారిపోతాయి, పొల్లు ఉన్నవి చెక్కుచెదరకుండా నిలుస్తాయి. అలా ఏది ఏదో తెలిసిపోతుంది. చెల్లి ఆపరేషన్ తేదీ వాయిదా వేయించాం. రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ మీద మిథైలేషన్ ఉందని వచ్చింది.

ఆ కాగితం అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. "అయితే మీకు రాదా?" అని మూడుసార్లు అడిగింది. ఆ వయసులో, ఇంట్లో ఇంకెవరికీ లేనప్పుడు, నీ నుంచి మాకు వచ్చేది కాదమ్మా అన్నాను. ఆ రోజు సాయంత్రం ఎన్నో వారాల తరవాత జడ వేయించుకుంది.

ఇంతదాకా చదివి, సరే, భయపెట్టకుండా ఉంటే చాలన్నమాట అని మీరు అనుకోవద్దు. నేను అడిగేది అది కాదు. నిజంగా లించ్ ఉన్న ఇంటికి ఆ మాట చేరకపోవడం ఇంతకంటే పెద్ద అన్యాయం. 1895లో అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో ఆల్డ్రెడ్ వార్థిన్ అనే పేథాలజిస్టుతో, బట్టలు కుట్టే ఒకావిడ, మా ఇంట్లో అందరూ కడుపులో క్యాన్సర్‌తోనో, ఆడవాళ్ల క్యాన్సర్‌తోనో పోతున్నారు, నేనూ అలాగే పోతాను అందట. ఆయన ఆ మాటను తీసిపారేయలేదు. ఆ ఇంటి వంశవృక్షం గీసి 1913లో ప్రచురించారు. ఆవిడ చెప్పినట్టే గర్భసంచి పొర క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ పనిని 1960లలో హెన్రీ లించ్ ముందుకు తీసుకెళ్లారు, జబ్బుకు ఆయన పేరే వచ్చింది. ఆవిడ వంశంలో ఉన్న జన్యులోపం ఎంఎస్‌హెచ్2లో ఉందని 2000లో తేల్చారు. నూటఅయిదేళ్లు పట్టింది. మన దగ్గర ఇప్పుడు అది కొన్ని వారాల పని.

లించ్ ఉందని తేలిన మనిషికి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేస్తే పేగు క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చు, చాలాసార్లు రాకుండానే ఆపవచ్చు. డాక్టరు చూసి ఇచ్చే ఆస్పిరిన్ కూడా కొందరికి పనికొస్తుంది. పిల్లలు చాలనుకున్న ఆడవాళ్లు అప్పుడు గర్భసంచి గురించి తెలిసి నిర్ణయించుకోవచ్చు. అంటే మిథైలేషన్ పరీక్ష ఒక ఇంటిని వదిలేయడానికి ఎంత అవసరమో, ఇంకో ఇంటిని పట్టుకోవడానికీ అంతే అవసరం. మిథైలేషన్ లేదని వస్తే, ఆ తప్పు పుట్టుకతో వచ్చిందేమో చూసే రక్తపరీక్షకు ఆగకుండా పంపాలి. అసలు పోయిన జంట ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అయితే ఈ పరీక్షతో పనే లేదు, నేరుగా రక్తపరీక్షే. ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయి చెప్పింది. అరుదుగా కొందరిలో ఈ పొల్లు కణితిలోనే కాక రక్తంలోనూ, ఒళ్లంతా ఉంటుందట. కాబట్టి చిన్నవయసులో క్యాన్సర్ వచ్చినవాళ్లకు, ఇంట్లో మరికొందరికి ఉన్నవాళ్లకు మిథైలేషన్ వచ్చినా అక్కడితో వదిలేయకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలిసినవి రిపోర్టులో రాయమంటున్నాను.

బ్రిటన్‌లో 2020 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వ సంస్థ నైస్ ఈ వరసనే సిఫారసు చేస్తోంది. గర్భసంచి పొర క్యాన్సర్ వచ్చిన ప్రతి మనిషికీ, వయసుతో పని లేకుండా, ముందు ఆ నాలుగు ప్రోటీన్ల పరీక్ష. ఎంఎల్‌హెచ్1 లేకపోతే మిథైలేషన్. అది లేకపోతే రక్తపరీక్ష. వయసును బట్టి, కుటుంబ చరిత్రను బట్టి ఏరుకుని చేస్తే లించ్ ఉన్నవాళ్లు చాలామంది జారిపోతారు. మన ఇళ్లలో కుటుంబ చరిత్ర అడిగితే ఏం చెబుతాం? మా అమ్మమ్మ కడుపునొప్పితో పోయింది. ఆ నొప్పి ఏమిటో ఎవరూ చూడలేదు.

జబ్బు ముదిరినవాళ్లకు ఈ సమాచారం మందు ఎంచుకోవడానికీ పనికొస్తుంది. దిద్దే ప్రోటీన్లు లేని కణితుల మీద ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు, బాగా పనిచేస్తోంది. అమెరికాలో అలాంటి మందుల్లో పెంబ్రోలిజుమాబ్‌కు 2017లో, ప్రత్యేకంగా ఈ గర్భసంచి పొర క్యాన్సర్ కోసం డోస్టార్లిమాబ్‌కు 2021లో అనుమతి వచ్చింది. 2023లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో, ముదిరిన జబ్బుకు కీమోతో కలిపి ఈ మందులు ఇస్తే ఎక్కువ మేలు కలిగింది ఇలాంటి కణితులున్నవాళ్లకే. ఖరీదు మాలాంటివాళ్లు భరించేది కాదు, నిజమే. కాని ఎవరికి పనిచేస్తుందో ముందు తెలిస్తేనే కదా ఆ ఖర్చుకు ఎవరినైనా సాయం అడగగలం.

పేథాలజిస్టులకు విడిగా ఒక మనవి. ఆపరేషన్ అయ్యాక గర్భసంచిని కోయకుండా అలాగే, కణాలు పాడవకుండా నిలిపే ఫార్మాలిన్ డబ్బాలో వేసి పంపితే, మందు లోపలి పొరదాకా త్వరగా చేరక అక్కడి కణాలు పాడవుతాయట. అప్పుడు ప్రోటీన్ ఉన్నా పరీక్షలో రంగు పట్టక లేనట్టే కనిపిస్తుంది, డీఎన్‌ఏ కూడా దెబ్బతింటుంది. అందుకే వీలైనంతవరకు ఈ పరీక్ష మొదట తీసిన బయాప్సీ ముక్క మీదే చేయమని నిపుణులు చెబుతారు. చిన్న ముక్క కాబట్టి బాగా నానుతుంది. పైగా ఫలితం ఆపరేషన్‌కు ముందే చేతికొస్తుంది. చిన్న నర్సింగ్ హోమ్‌ల నుంచి మీ ల్యాబుకు వచ్చే డబ్బాలు ఎలా వస్తున్నాయో మీకే తెలుసు. వాళ్లకు ఒక ఫోన్ చేసి చెప్పగలిగింది మీరే.

ఇదంతా విశాఖలో జరగదా అంటే, నేను నమ్మను. 1923 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊరు ఇది. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, అటు ఒడిశా నుంచి కూడా జనం కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, వస్తారు. ఆడవాళ్లకని ఘోషాసుపత్రి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్ పెట్టుకున్నాం. ఒక్కో ఆసుపత్రి ఒక్కో బ్లాక్ విడివిడిగా బయటి ఊరికి పంపే బదులు, ఊళ్లోని పేథాలజిస్టులంతా కలిసి ఒక ల్యాబును అనుకుని, నెలకు రెండుసార్లు అందరి బ్లాకులూ ఒకేసారి పరీక్షించే ఏర్పాటు చేసుకోలేరా? కలిపి చేస్తే ఒక్కొక్కరికి పడే ఖర్చు తగ్గుతుంది కదా. ప్రభుత్వ వైద్య పథకంలో గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ ప్యాకేజీతో పాటే ప్రోటీన్ల పరీక్ష, మిథైలేషన్ పరీక్ష, ఈ రెండింటి ఖర్చు కూడా కలిపి ఇవ్వమని మీరు సంఘంగా అడిగితే అధికారులు వింటారు. టీచరు అడిగితే వినరు. మేం సొంత డబ్బు పెట్టుకోగలిగాం. జాలరిపేటలో చేపల తట్ట మోసే మనిషికి ఇదే రిపోర్టు వస్తే ఆమె కూతుళ్లు ఆ భయాన్ని ఏడు వారాలు కాదు, బతికినన్నాళ్లూ మోస్తారు.

ఈ మిథైలేషన్‌ను ఇంకా ముందుకు వాడే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. లండన్‌లో పరిశోధకులు గర్భసంచి ముఖం దగ్గర దూదిపుల్లతో తీసిన నమూనాలో రెండు జన్యువుల మీద ఈ పొల్లును కొలిచి, రక్తం కనిపించినవాళ్లలో క్యాన్సర్ ఉందో లేదో చాలావరకు చెప్పగలిగారు. లోపల పరీక్ష అంటేనే వణికిపోయే మా అమ్మలాంటివాళ్లకు అలాంటిది మన దగ్గరకూ రావాలని మనసారా కోరుకుంటున్నాను. అదొచ్చేదాకా, రక్తం కనిపిస్తే స్కానింగ్, బయాప్సీ, ఇవే దారి.

చివరిగా రిపోర్టు భాష గురించి. జన్యు సలహా తీసుకోవలసింది అని రాస్తారు. ఆ సలహా ఇచ్చే మనిషి ఏ గదిలో, ఏ రోజు కూర్చుంటారో రాయరు. అది రాయలేని చోట, కనీసం రిపోర్టుతో పాటు తెలుగులో నాలుగు వాక్యాలున్న ఒక చీటీ ఇవ్వండి. అక్షరాలతో పనిచేసేదాన్ని కాబట్టి నేనే రాసి పంపుతున్నాను. వైద్యపరంగా తప్పులుంటే మీరు దిద్దుకోండి, వాడుకోవడానికి నా అనుమతి అక్కర్లేదు:

"మీ కణితిలో ఎంఎల్‌హెచ్1 అనే ప్రోటీన్ కనిపించలేదు. ఇది చాలామందిలో వయసుతో వచ్చే మార్పు, కొద్దిమందిలో మాత్రం వంశంలో వచ్చేది. ఏదో తెలుసుకోవడానికి ఇదే ముక్క మీద మిథైలేషన్ పరీక్ష చేస్తున్నాం, ఫలితం ఫలానా తేదీకి వస్తుంది. అప్పటివరకు మీ పిల్లలు ఎవరూ ఏ ఆపరేషనూ చేయించుకోవద్దు, ఫలితం వచ్చిన రోజు ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని రండి."

ఇట్లు,
ఒక తెలుగు టీచరు,
విశాఖపట్నం